పాత మోస్ట్ వాంటెడ్ ఇప్పుడు ఆడొచ్చా? ఆడండి, పోలీసుల కోసం ఆడండి

మీ ప్రశ్న ఇదీ: 2005లో వచ్చిన కార్ల రేసు ఆట నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్‌ను మీకంటే పదేళ్లు పెద్దవాళ్లంతా నెత్తిన పెట్టుకుంటారు, తీరా ల్యాప్‌టాప్‌లో వేసుకుని ఆడితే రేసంతా ముందుండి చివరి మలుపులో ఓడిపోతున్నారు, ఇందులో అంత గొప్పేముంది అని. ఆ పెద్దవాళ్లలో నేనొకణ్ని. మీ కోపం కూడా నాకు తెలుసు, దానికి గంటకు పదిహేను రూపాయల చొప్పున కట్టినవాణ్ని.

2007లో తిరుపతిలో ఇంటర్ చదివేవాణ్ని. బాలాజీ కాలనీ వైపు ఒక సందులో నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ క్యాబిన్లు, మాసిన ఎర్ర కర్టెన్లు, ఆరు సిస్టమ్‌లు. ఈ ఆటను లాగగలిగే గ్రాఫిక్స్ కార్డు ఉన్నది మూల క్యాబిన్‌లో ఒక్కదానికే. నేనూ మా పెదనాయన కొడుకూ ఒకే కుర్చీలో చెరో సగం కూర్చునేవాళ్లం. నడిపేవాడు పోలీసులకు దొరికిపోతే కీబోర్డు రెండోవాడిది, అదీ ఒప్పందం. మలుపొస్తే మా అన్న కారుతో పాటు తనూ ఒరిగేవాడు. ఎడమ మలుపైతే నేను కుర్చీలోంచి సగం కింద ఉండేవాణ్ని.

ఎడమ మలుపంటే గుర్తొచ్చింది, మీకు పనికొచ్చే మాట. పై బాణం, ఎడమ బాణం పట్టుకుని స్పేస్ బార్ కొడితే మాకు హ్యాండ్‌బ్రేక్ పడేది కాదు. కుడివైపుకు మాత్రం చక్కగా పడేది. మా చేతగానితనం అనుకుని నెల రోజులు ఒకరినొకరు తిట్టుకున్నాం. అసలు సంగతి ఏమిటంటే చవక కీబోర్డులు కొన్ని మూడు కీలను ఒకేసారి నొక్కితే మూడోదాన్ని గుర్తించవు. సెట్టింగ్స్‌లో హ్యాండ్‌బ్రేక్‌ను వేరే కీకి మార్చాక పీడ వదిలింది. మీరు కూడా ఒకసారి చూసుకోండి, సగం మలుపులు అక్కడే పోతుంటాయి.

ఇక ఆట గొప్పతనం. కథ చిన్నది. రాక్‌పోర్ట్ అనే ఊరికి వస్తారు, రేజర్ అనేవాడు మోసంతో మీ బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్‌ను కొట్టేస్తాడు, బ్లాక్‌లిస్ట్ అనే జాబితాలోని పదిహేను మంది రేసర్లను కింది నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోయి దాన్ని తిరిగి తెచ్చుకోవాలి. ఇదే వరసలో ముందొచ్చిన అండర్‌గ్రౌండ్ 2 ఆటంతా రాత్రి, నియాన్ దీపాలు. ఇందులో పగలు. ఎప్పుడు చూసినా సాయంత్రం నాలుగున్నర ఎండలాంటి పసుపు వెలుగు, రోడ్డు మీద రాలిన ఆకులు. రేసులు మాత్రం ఏ ఆటలోనైనా ఉండేవే. ఈ ఆట ప్రాణం రేసు అయిపోయాక మొదలవుతుంది, వెనక సైరన్ వినపడగానే.

ఒక్క వెంటాట పూర్తిగా చెప్తా. మొదట ఒకటే పోలీసు కారు, అదీ మర్యాదగా వెనక వస్తుంది. మీరు ఆగరు. వైర్‌లెస్‌లో మీ కారు రంగు, మీరు పోతున్న రోడ్డు చెప్పుకుంటారు, ఆ మాటలు మీకూ వినిపిస్తుంటాయి. ఇంకో రెండొస్తాయి. హీట్, అంటే పోలీసులు మీ వెంట ఎంత గట్టిగా పడాలో చెప్పే లెక్క, పెరిగేకొద్దీ అడ్డంగా కార్లు పెట్టి దారి మూస్తారు, రోడ్డు మీద మేకుల పట్టీ పరుస్తారు, ఎదురుగా బరువైన బండ్లు వచ్చి గుద్దుతాయి, పైన హెలికాప్టర్. తెర మూలనుండే చిన్న మ్యాపులో ఎర్ర త్రికోణాలు కనపడతాయే, అవి వదలకండి. పెట్రోలు బంకు కప్పు, నీళ్ల ట్యాంకు, డోనట్ కొట్టు మీది బొమ్మ, ఇలాంటివాటి కాళ్లు విరగ్గొట్టి మీరు దాటిపోతే అవి వెనకవాళ్ల మీద కూలతాయి. మొదటిసారి నీళ్ల ట్యాంకు పడ్డప్పుడు మా అన్న వేసిన కేకకు పక్క క్యాబిన్‌లో రైల్వే టికెట్టు బుక్ చేసుకుంటున్న పెద్దాయన కర్టెన్ తీసి చూశాడు.

అయినా నాకు ఇష్టమైనది ఆ కూలడం కాదు. ఆ తర్వాతి నిశ్శబ్దం. పోలీసుల కంటికి కనపడకుండా పోయాక కూల్‌డౌన్ మొదలవుతుంది. అడుగున ఒక గీత మెల్లగా నిండాలి, అది నిండేదాకా ఎవరూ చూడకూడదు. మ్యాపులో దాక్కునే చోట్లుంటాయి, అక్కడ ఆపితే గీత తొందరగా నిండుతుంది. కారు ఆపి, కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసి కూర్చుంటాం. మ్యాపులో ఒక చుక్క ఇటే వస్తుంటుంది. ‘కదలొద్దురా’ అంటాడు మా అన్న గుసగుసగా, తెరలోని పోలీసుకు వినపడుతుందన్నట్టు. చుక్క సందు మొదట్లో ఆగుతుంది. మళ్లీ కదిలి పోతుంది. రేసింగ్ ఆటలో కారు ఆపి ఊపిరి బిగబట్టే ఘడియ పెట్టినవాడికి దండం పెట్టాలి.

సరిగ్గా అప్పుడే కౌంటర్ దగ్గర్నుంచి ‘టైమైపోయింది నైనా, లెయ్యండి’ అనేవాడు సెంటర్ అన్న. ఇంకో అరగంటకు చిల్లర వెతుక్కోవడం.

మీకు విసుగు తెప్పించేదానికి గేమర్లు పెట్టుకున్న పేరు రబ్బర్ బ్యాండింగ్. మీ కారుకూ వెనకవాడి కారుకూ మధ్య ఒక రబ్బరు ఉందనుకోండి. మీరెంత దూరం పోతే అది అంత గట్టిగా వాణ్ని ముందుకు లాగుతుంది. పది సెకన్ల ఆధిక్యం రెండు మలుపుల్లో మూడు సెకన్లవుతుంది. మీరు తప్పేమీ చేయలేదు, వాడి కారుకు లేని వేగం వచ్చిందంతే. అప్పుడే ఎదురుగా ఒక లారీ వచ్చి మీరు దాన్ని ముద్దుపెట్టుకుంటే అంతే సంగతులు. నాకు దీని మీద ఈరోజుకీ కోపమే. సంపాదించుకున్నది మనది కాకుండా పోవడం ఏ ఆటలోనైనా అన్యాయమే. కాకపోతే ఆ రబ్బరు రెండు వైపులా లాగుతుంది. మీరు బాగా వెనకబడితే ముందున్నవాడు నెమ్మదిస్తాడు. అందుకని మొదటి ల్యాపుల్లో ప్రాణాలు పెట్టకండి. నైట్రస్ (కారుకు ఒక్కసారిగా వేగమిచ్చే గ్యాసు) దాచుకోండి, స్పీడ్‌బ్రేకర్ దాచుకోండి (రోడ్డు మీది గతుకు కాదు, కాలాన్ని నెమ్మది చేసే మీట), రెండూ ఆఖరి అర నిమిషంలో తీయండి. ఇది తెలిసిన రోజు నుంచి నేను గెలవడం మొదలుపెట్టాను, రేసుల మీద గౌరవం కూడా ఆ రోజే పోయింది. డ్రాగ్ రేసులైతే, అంటే నేరుగా దూసుకుపోయే చిన్న రేసులు, మరీ ఘోరం. గేర్లు కరెక్టుగా వేసుకుంటూ పోయి ఒక్క కారును గుద్దామా, బండి నుజ్జు, మళ్లీ మొదటి నుంచి.

దాక్కున్నప్పుడు మాత్రం ఆట ఇలాంటి దొంగ లెక్కలు వేస్తున్నట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు. తప్పించుకున్నామంటే మన తెలివే, దొరికామంటే మన తొందరే.

ఇంకో మాట, తిరుపతివాణ్ని కాబట్టి చెప్పకుండా ఉండలేను. ఇంత ఆడినవాడు లైసెన్సు రాగానే మొదటిసారి కొండ దిగింది మా చిన్నాయన కారులో, పక్కన మా నాయన. దిగేది 1944 నాటి పాత ఘాట్, హెయిర్‌పిన్నుల్లా వంగిన మలుపులు. మీకు తెలిసే ఉంటుంది, ఇక్కడ లెక్క తలకిందులు. పైన టోల్‌గేటులో టైము వేసి చీటీ ఇస్తారు, దిగడానికి 40 నిమిషాలు, ఎక్కడానికి 28 నిమిషాలు, అంతకంటే ముందొస్తే జరిమానా. నేను ఎక్కడా హద్దు మీరలేదనే అనుకున్నాను. అలిపిరి కనపడేసరికి మా నాయన చీటీ చూసి, చేతి గడియారం చూసి, ‘పక్కన ఆపరా, ఇంకా ఎనిమిది నిమిషాలుండాది’ అన్నాడు. అప్పటికే అక్కడ నాలుగు బండ్లు వరసగా ఆగి ఉన్నాయి, అందరూ ముందొచ్చినవాళ్లే. కారు పక్కకు తీసి, ఇంజన్ ఆపి, కదలకుండా కూర్చున్నాం. నాకు లోపల నవ్వాగలేదు. అచ్చం కూల్‌డౌన్.

ఇక చిన్నచిన్నవి. 2012లో ఇదే పేరుతో ఇంకో ఆట వచ్చింది, ఊరు ఫెయిర్‌హేవెన్, ఆట కూడా వేరే. అది కొని ‘ఇదేనా మీరు పొగిడింది’ అని నన్ను అడగొద్దు. పాతది కంప్యూటర్‌లో వెడల్పు తెరకు సరిపడదు, కార్లు ఉబ్బినట్టు కనపడతాయి. అభిమానులు తయారుచేసిన వైడ్‌స్క్రీన్ ఫిక్స్ దొరుకుతుంది, వేసుకోండి. కారు హీట్ ఎక్కువైతే రంగు మార్చండి, బాడీ మార్చండి, తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, సేవ్ ఫైలు. మై డాక్యుమెంట్స్‌లో ఆట పేరుతోనే ఫోల్డర్ ఉంటుంది, కాపీ తీసిపెట్టుకోండి. మా నెట్ సెంటర్‌లో సిస్టమ్ రీస్టార్ట్ అయితే కొత్తగా చేరినవన్నీ చెరిపేసే సాఫ్ట్‌వేర్ ఉండేది, ఎవరూ చెప్పలేదు. తొమ్మిదోవాడి దాకా వచ్చి, కరెంటు పోయి, మరుసటి రోజు పోతే మేము మళ్లీ పదహారో నంబరు. అప్పుడు మా అన్న మాట్లాడిన తెలుగు ఇక్కడ రాయలేను. ఆ వారమే ఇద్దరం కలిసి 512 ఎంబీ పెన్ డ్రైవ్ కొన్నాం.

బ్లాక్‌లిస్ట్‌లో ఒక్కొక్కరినీ ఓడించాక ఆట ఆరు గుర్తులు చూపించి రెండు తీసుకోమంటుంది. మూడింటి మీద ఏముందో రాసి ఉంటుంది, మూడింటి మీద ప్రశ్నార్థకాలు. ఓడినవాడి కారు కాగితం, అదే పింక్ స్లిప్, ఆ ప్రశ్నార్థకాల్లోనే ఒకదాని కింద ఉంటుంది, కాబట్టి రెండూ అక్కడే తీయండి. ఆరో నంబరు మింగ్‌ది లాంబోర్గినీ గల్లార్డో. మొదటిది నేను తీశాను, ఏవో డబ్బులొచ్చాయి. రెండోదానికి మా అన్న నన్ను పక్కకు నెట్టి, కళ్లు మూసుకుని, ‘గోవిందా’ అని ఎంటర్ కొట్టాడు. కారొచ్చింది. ఆ రోజు నుంచి రెండో గుర్తు ఎప్పుడూ ఆయనదే.