అన్ని సదుపాయాలున్నా జూపార్కుల్లో అరుదైన కోతులు ఎందుకు తగ్గిపోతున్నాయి?

తిండి, మందులు, కాపలా అన్నీ ఉన్నచోట కోతులు పెరగాలి గానీ తగ్గడమేమిటని అడిగారు. మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర. వేరే రాష్ట్రంలోని ఒక జూలో కొన్నేళ్ళు కీపరుగా సింగళీకాల దగ్గర పనిచేశాను. నేను చూసినంతవరకు లోటు తిండిలో లేదు, గుంపు లేకపోవడంలో ఉంది.

సింగళీకాన్నే సింహతోక కోతి అంటారు. నల్లటి ఒళ్ళు, ముఖం చుట్టూ నెరిసిన జూలు, తోక చివర కుచ్చు. పడమటి కనుమల్లో తప్ప ఇంకే అడవిలోనూ లేదు, అక్కడైనా 4,000 లోపే. కేరళలో సైలెంట్ వ్యాలీ అనే అడవిని కాపాడటానికి జరిగిన పోరాటంలో అందరి నోటా నానింది ఈ కోతే. 1984లో ఆ అడవి జాతీయ పార్కు అయింది.

మా ఉద్దానం తోటల మీద పడే ఎర్రమూతి కోతుల్ని చూసి కోతంటే ఇట్టే పెరిగిపోతుందనుకుంటాం. సింగళీకం అలా కాదు. ఆడది తొలిసారి ఈనడానికే ఐదారేళ్ళు పడుతుంది. ఈతకు ఒక్కటే పిల్ల, మళ్ళీ ఈతకు రెండు మూడేళ్ళు.

మా దగ్గర ఒక ఆడకోతి చిన్నప్పటి నుంచీ ఒంటరిగా పెరిగింది. తొలిచూలు పిల్లను తలకిందులుగా పట్టుకుంది. అది పాల కోసం పొట్ట మీద పాకుతుంటే వేళ్ళు ఊడదీసి చెక్కబల్ల మీద పెట్టేసి దూరంగా కూర్చునేది. తల్లికి కోపమేమీ లేదు, ఆ పిల్లను ఏం చేయాలో తెలియదంతే. మర్నాటికి పిల్ల పట్టు సడలింది. సీసాపాలు పట్టాం, దక్కలేదు. పెద్ద గుంపులో అయితే ఎదిగే ఆడపిల్లలు తల్లులు పాలివ్వడం చూస్తాయి, తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ ఎత్తుకు తిరుగుతాయి. జంటను తెచ్చి గదిలో పెడితే ఆ చదువు ఎక్కడిది?

మగవాటిది ఇంకో బాధ. అడవిలో ఎదిగిన మగది పుట్టిన గుంపు వదిలి వేరే గుంపు వెతుక్కుంటుంది. కంచె లోపల ఎటు పోతుంది? పెద్ద మగదానితో కొట్లాట, గాయాలు, చివరికి వేరే గది. పుట్టినవాటికి చోటు చాలక విదేశీ జూపార్కులు ఆడవాటికి గర్భనిరోధం పెట్టాయి. తీరా పిల్లలు కావాలనుకునేసరికి చాలావాటికి ఈనే వయసు దాటిపోతుంది. పైగా సింగళీకం, ఎర్రమూతి కోతి లాంటి మకాక్ జాతి కోతుల్లో ఉండే హెర్పిస్ బి వైరస్ మనిషికి సోకితే ప్రాణం మీదికొస్తుంది. ఆ భయంతో అమెరికాలో కొన్ని జూపార్కులు సింగళీకాల్ని పెంచడమే మానుకున్నాయి. ఉన్న కొద్దివాటి మధ్యే సంతానం కలిగితే రక్తం దగ్గరైపోతుంది, అది వేరే చిక్కు.

అందుకే ఒక్కో జూకి ఒక్కో జంట పంచే బదులు కొన్నిచోట్లే పూర్తి గుంపుల్ని పెట్టి, మగవాటిని మాత్రం ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చాలంటాను. ఈసారి జూకి వెళ్తే ఆ ఆవరణలో ముసలి ఆడవి, కుర్రవి, చంటివి కలిసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అక్కడి అధికారిని అడగండి. సందర్శకులు అడిగితే ఆ మాట ఫైల్లోకి వెళ్తుంది, నేను చూశాను.