ముందు ఊరు, తర్వాతే షిప్పు

విశాఖపట్నం,
మహారాణిపేట.

చిరంజీవి అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. అల్లుడుగారికి కూడా చెప్పు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను రాత్రి మీ పెదనాన్నా నేనూ కూర్చుని రెండుసార్లు చదివాం. సింగపూరు, అక్కణ్ణుంచి నాలుగు రాత్రుల షిప్పు, మలేషియాలో పెనాంగ్, థాయ్‌లాండ్‌లో ఫుకెట్ చూసుకుని మళ్లీ సింగపూరు. పెళ్లయిన మూడేళ్లకి మీ ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది, అదీ తొమ్మిది రోజులు. నాకెంత సంతోషమో చెప్పలేను. ఫోన్లో చెబితే సగం చెవిన పడదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నీ ప్లానులో ఒక్కటి మాత్రం మార్చాలి. తెల్లవారుజామున సింగపూరులో దిగి, అదే రోజు మధ్యాహ్నం షిప్పు ఎక్కేలా పెట్టావు. ఊరు చూడటం ఆఖరికి ఉంచావు. అది వద్దమ్మా. ముందు ఊరు చూడండి, తర్వాత షిప్పు ఎక్కండి. కనీసం రెండు రాత్రులు సింగపూరులో పడుకున్నాకే రేవుకి వెళ్లండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ముప్ఫయ్యో పెళ్లిరోజుకి మేం చేసిన పొరపాటు ఇదే. నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. టికెట్టు తక్కువకి వస్తోందని మధ్యలో ఒక ఊళ్లో విమానం మారేలా వెళ్లాం. ఆ రెండో విమానం మూడు గంటలు ఆలస్యం. దిగి, టాక్సీ పట్టుకుని, టెర్మినల్‌కి చేరేసరికి నాలుగుంపావు. షిప్పు అయిదింటికి. ఇంకా ముప్పావుగంట ఉందని నేను పరుగెత్తుతున్నాను. కౌంటర్ల దగ్గర లైట్లు వెలుగుతూనే ఉన్నాయి గానీ మనుషులు వరసలో నిలబడటానికి కట్టే తాళ్లు చుట్టేస్తున్నారు. అక్కడి అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది: గంటన్నర ముందే గేటు మూసేశాం, ప్రయాణికుల జాబితా ఇమిగ్రేషన్ వాళ్లకి ఇచ్చేశాం, ఇంక పేరు చేర్చడం కుదరదు అని. మీ పెదనాన్న ముప్ఫై రెండేళ్లు పోర్టులో చేసిన మనిషి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఛానల్లోకి ఎన్ని షిప్పులు వచ్చి పోయాయో ఆయనకే తెలుసు. రెండోసారి అడగలేదు. "షిప్పుని రేవు దాటించే పైలట్ ఎక్కేసుంటాడు, ఇంక ఆగదు" అని నా చేతిలో పెట్టె తీసుకుని బెంచీ మీద కూర్చున్నారు. అద్దం అవతల షిప్పు చప్పుడు లేకుండా కదిలింది. గోడకీ షిప్పుకీ మధ్య నీళ్లు ముందు జానెడు, తర్వాత మన వీధంత వెడల్పు. పైన డెక్ మీద జనం చేతులు ఊపుతున్నారు. ఆ రాత్రి భోజనానికి కట్టుకుందామని తీసి పెట్టుకున్న పట్టుచీర మడత విప్పకుండానే ఇంటికొచ్చింది. కట్టిన డబ్బులో ఒక్క రూపాయి రాలేదు. తర్వాత మూడేళ్లకి మళ్లీ వెళ్లాం, ఈసారి మూడు రోజులు ముందుగా. ఆ చీర అప్పుడు కట్టుకున్నాను.

రైలు తప్పిపోతే వెనక ఇంకోటి ఉంటుంది. షిప్పుకి లేదు. ప్రయాణ బీమా తప్పకుండా తీసుకోండి. విమానం ఆలస్యమై షిప్పు అందకపోతే ఏమిస్తారో ఆ పాలసీ కాగితంలో ఉంటుంది, సంతకానికి ముందే చదవండి.

రెండో సంగతి ఒళ్లు. మన వైజాగ్ నుంచి నేరుగా వెళ్లే విమానం రాత్రిపూట ఎక్కిస్తుంది. సుమారు నాలుగు గంటల ప్రయాణం, పైగా వాళ్ల గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. అంటే కన్ను మూసేలోపు తెల్లారిపోతుంది. హోటల్ వాళ్లు మధ్యాహ్నం రెండు మూడయితే గానీ గది ఇవ్వరు. పెట్టెలు అక్కడ పడేసి, మొహం కడుక్కుని, ఎండ ఎక్కకముందే బొటానిక్ గార్డెన్స్‌కి వెళ్లండి. 2015లో యునెస్కో గుర్తింపు వచ్చిన తోట. ఆర్కిడ్ల తోటకి తప్ప టికెట్టు లేదు. ఆ చెట్ల కింద ఓ గంట ఊరికే కూర్చోండి. మొదటి రోజుకి అంతకుమించి పెట్టుకోవద్దు. సింగపూరంటే నడక, షిప్పంటే విశ్రాంతి. అరికాళ్లు నొప్పెట్టాక దొరికే విశ్రాంతి సుఖం వేరు.

ఊళ్లో తిరగడం గురించి నీకు నేను చెప్పేదేముంది, ఫోనే చెబుతుంది. మెట్రోకి టికెట్టు కొననక్కర్లేదు, మన బ్యాంకు కార్డు గేటు దగ్గర ఆనిస్తే చాలు. కాకపోతే ఇద్దరికీ ఒకే కార్డు పనికిరాదు, ఎవరిది వాళ్లకుండాలి. గార్డెన్స్ బై ది బేలో రాత్రి 7.45కి, మళ్లీ 8.45కి ఆ పెద్ద ఇనుప చెట్లకి పాటతో దీపాలు వెలిగిస్తారు, డబ్బు కట్టక్కర్లేదు. నిలబడి వీడియో తీయకుండా కింద వెల్లకిలా పడుకుని చూడండి. అన్నం మీద బెంగ పుడితే సెరంగూన్ రోడ్డుకి పోండి. 1947 నుంచి ఉన్న కోమల విలాస్ అక్కడే. అదే రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ గుడి, మన వెంకన్నే.

అల్లుడుగారు యూనివర్సల్ స్టూడియోస్ అంటున్నారు, నువ్వేమో ఆ తిరుగుడు బండ్లు ఎక్కలేనంటున్నావు. దానికి గొడవెందుకు? ఆయన్ని వెళ్లనివ్వు. నువ్వు ముస్తఫా షాపింగ్ సెంటర్లో కావలసినంతసేపు తిరుగు. సాయంత్రం మెర్లయన్ బొమ్మ దగ్గర కలుసుకోండి. జంటగా వెళ్లాం కదా అని ఇరవైనాలుగు గంటలూ చెయ్యి పట్టుకుని తిరగాలని ఎవరూ రాసిపెట్టలేదు. తర్వాత నాలుగు రాత్రులు మన వంటింటి కంటే పెద్దగా ఉండని కేబిన్‌లో కలిసే ఉంటారు. ఒక పూట ఎవరి దారిన వాళ్లు తిరిగొస్తే రాత్రి చెప్పుకోవడానికి కబుర్లుంటాయి.

ఇక కాగితాలు. ఇది శ్రద్ధగా చదువు. నీ పాస్‌పోర్టులో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉంది, ఆధార్‌లో అత్తింటిది మార్పించుకున్నావు. విమానం టికెట్టు, షిప్పు టికెట్టు, వీసా మూడూ పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. మన ఇంటిపేర్లు కొందరికి ముందూ కొందరికి వెనకా, కొందరికి ఒట్టి పొడి అక్షరమూ ఉంటాయి, ఏజెంట్లు తికమకపడేది అక్కడే. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలకు మించి ఉండాలి. సింగపూరు వీసా చేతికొచ్చాక అందులో ఎన్నిసార్లు వెళ్లవచ్చని ఉందో చూడు. షిప్పెక్కితే సింగపూరు దాటినట్టే, తిరిగొస్తే రెండోసారి ప్రవేశించినట్టు. ఒక్కసారికే ఇచ్చిన వీసా ఉంటే తిప్పలు తప్పవు. వెళ్లే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి, దానికి రుసుము లేదు. డబ్బడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. మలేషియాకి, థాయ్‌లాండ్‌కి ఏమేం కావాలో షిప్పు కంపెనీ వాళ్లని అడిగి రాతపూర్వకంగా తెప్పించుకో.

మీ అత్తగారు సున్నుండలూ జంతికలూ కట్టిస్తారు, నాకు తెలుసు. తీసుకెళ్లండి, కానీ సింగపూరులో ఉండగానే తినేయండి. ఇంట్లో చేసినవి షిప్పులోకి రానివ్వరు. మసాలా పొడి కట్టిస్తే అందులో గసగసాలు ఉన్నాయేమో అడుగు. అక్కడ వాటిని మత్తుపదార్థాల లెక్కలో చూస్తారు. చూయింగ్ గమ్ కూడా వద్దు, 1992 నుంచి దాన్ని ఊళ్లోకి తేనివ్వరు. మీరు శాకాహారులని షిప్పు బుక్ చేసేటప్పుడే రాయించండి, మొదటి రోజు నుంచే పప్పూ కూరా దొరుకుతాయి.

షిప్పెక్కే రోజు పెద్ద పెట్టెలు టెర్మినల్లోనే తీసేసుకుంటారు. అవి మీ కేబిన్ ముందుకి వచ్చేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది. కాబట్టి మందులు, పాస్‌పోర్టులు, ఛార్జర్, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాలి. ఇస్త్రీపెట్టె, ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టుకోవద్దు, తీసి పక్కన పెట్టేస్తారు. బయల్దేరే ముందు లైఫ్‌జాకెట్ల గురించి చెబుతారు, తప్పించుకుని స్విమ్మింగ్‌పూల్ దగ్గరికి పోకండి.

కేబిన్ గురించి నా మాట వినాలి. కిటికీ లేని గది చౌకే, కానీ పగలో రాత్రో తెలీదు. షాపింగ్ తగ్గించుకోండి, బాల్కనీ ఉన్నది తీసుకోండి. అర్ధరాత్రి లేచి తలుపు తీస్తే నల్లటి సముద్రం, దూరంగా ఎవరివో చేపల పడవల దీపాలు. మన ఆర్కే బీచ్‌లో నిలబడి చూసేవే, కానీ ఈసారి మనం అటువైపున ఉంటాం. మీ పెదనాన్నా నేనూ తెల్లారేదాకా అక్కడే కూర్చున్న రాత్రి ఒకటుంది. ముప్ఫై ఏళ్లలో ఆయన నాతో చెప్పని సంగతులు రెండు చెప్పారు. గది షిప్పుకి మధ్యభాగంలో ఉండేలా చూసుకో, ఊపు అక్కడ తక్కువ. నెత్తిమీద అంతస్తులో స్విమ్మింగ్‌పూలో నాట్యాల హాలో ఉంటే నిద్రుండదు. డెక్ ప్లాన్‌లో, అంటే షిప్పు అంతస్తుల పటంలో, గది నంబరు పైనా కిందా ఏముందో చూసి మరీ ఎంచుకో.

కడుపులో తిప్పుతుందని నీకు భయం కదా. మేం పూర్వం ఇక్కణ్ణుంచి పోర్ట్ బ్లెయిర్ షిప్పెక్కి వెళ్లాం, దాదాపు మూడు రోజులు. నేను రెండు రోజులు తల ఎత్తలేదు. ఇది అలా ఉండదు. మలక్కా జలసంధికి ఒకవైపు సుమత్రా, ఇంకోవైపు మలేషియా అడ్డుగా ఉంటాయి, పెద్ద అలలు లేవవు. ఫుకెట్ వైపు మాత్రం తెరిచిన సముద్రం, నైరుతి రుతుపవనాలప్పుడు అల్లకల్లోలంగా ఉంటుంది. మీరు ఫిబ్రవరి అనుకుంటున్నారు కనక ఆ బాధ లేదు. చైనా వాళ్ల కొత్త సంవత్సరం మాత్రం ఏ తేదీన వస్తోందో చూసుకోండి, ఆ రెండు మూడు రోజులూ సింగపూరులో చాలా దుకాణాలు మూసేస్తారు. అయినా డాక్టరు నడిగి మాత్ర దగ్గర ఉంచుకో. తిప్పడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. అల్లం మురబ్బా కూడా ఉండనీ. తల తిరిగితే గదిలో పడుకోకు, పైకొచ్చి సముద్రం ఆకాశాన్ని తాకే గీత వైపు చూడు.

షిప్పులో నోట్లతో పని లేదు, గది కార్డుకే అన్నీ రాసుకుంటారు. అందుకే చివరి రోజు బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది. మనిషికి రోజుకింత అని సర్వీస్ ఛార్జీ విడిగా పడుతుంది, అది మొదట్లోనే లెక్కలో వేసుకోండి. సముద్రం మధ్యలో ఫోను ఫ్లైట్ మోడ్‌లోనే ఉంచండి, షిప్పు నెట్‌వర్కు పట్టుకుందంటే వేలల్లో బిల్లొస్తుంది. అల్లుడుగారి ఆఫీసు వాళ్లకి నాలుగు రోజులు దొరకనని ముందే చెప్పమను.

పెనాంగ్‌లో షిప్పు అక్కడి పాత ఊరు జార్జ్‌టౌన్ పక్కనే ఆగుతుంది. టూర్ బస్సు కొనకండి, కాలినడకన వెళ్లండి. 1801లో కట్టిన కపితాన్ కెలింగ్ మసీదు కనిపిస్తుంది. ఆ కెలింగ్ అన్నమాట మన కళింగం నుంచే వచ్చిందంటారు. మా తాతగారు రంగం, అదే రంగూన్, వెళ్లొచ్చిన మనిషి, ఆ పేరు విన్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు. ఫుకెట్‌లో షిప్పు ఒడ్డుకి రాకుండా లంగరేసి, చిన్న బోట్లలో దింపవచ్చు. తిరుగు బోటుకి వరస ఉంటుంది, తొందరగా రండి. ఇంకోటి: ఫుకెట్ గడియారం సింగపూరుకి గంట వెనక. దిగగానే ఫోను అక్కడి టైముకి మారిపోతుంది, షిప్పు మాత్రం తన టైమే పాటించవచ్చు. ఫోన్లో నాలుగంటే షిప్పులో అయిదు. నీ పెళ్లికి నేనిచ్చిన వాచీ షిప్పు టైముకి పెట్టుకుని చేతికి కట్టుకో.

తిరిగొచ్చిన రోజు షిప్పు పొద్దున్నే రేవు చేరుతుంది, మీ విమానం రాత్రికి. పెట్టెలు ఎయిర్‌పోర్టులో అప్పగించి దాని పక్కనే ఉన్న జ్యువెల్ మాల్‌లో ఆ నలభై మీటర్ల జలపాతం కింద కూర్చోండి. ఆ రోజుకి ఇంకేమీ పెట్టుకోవద్దు.

ఆదివారం భోజనానికి రండి. రెండు పాస్‌పోర్టులూ తీసుకురా, పేర్లు నేను చూస్తాను. డెక్ ప్లాన్ కాగితం మీద అచ్చు తీసి తెమ్మన్నారు మీ పెదనాన్న, ఫోన్లో ఆయనకి కనపడదు.

ప్రేమతో,
పెద్దమ్మ