రోజ్ థియేటర్‌లో హాలిడే జాజ్ కచేరీ: మొదటిసారి వెళ్లే కుటుంబానికి నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, ఎనిమిదేళ్ల పాప ఉంది. డిసెంబర్‌లో న్యూయార్క్‌లోని ‘జాజ్ ఎట్ లింకన్ సెంటర్’ అనే సంగీత సంస్థ వాళ్ల క్రిస్మస్ పాటల కచేరీ ‘బిగ్ బ్యాండ్ హాలిడేస్’కి అందరూ కలిసి వెళ్దామని ఉంది కానీ ఇంట్లో ఎవరూ జాజ్ విన్నవాళ్లు కాదు. ఏ సీట్లు కొనాలి, పెద్దవాళ్లకు విసుగు పుడుతుందా, చప్పట్లు ఎప్పుడు కొట్టాలి అని అడిగారు.

తప్పకుండా వెళ్లండి. ఖరీదైన సీటు మీద పెట్టే అదనపు డబ్బు కంటే, వెళ్లేముందు ఇంట్లో ఒక గంటసేపు పాటలు వినడం ఎక్కువ పనిచేస్తుంది. జాజ్‌లో పాట మొదలు మాత్రమే. బ్యాండ్ బాణీని ఒకసారి వినిపిస్తుంది, తర్వాత దాన్ని సాగదీసి, విరిచి, కొత్తగా కడుతుంది. అసలు బాణీ చెవిలో లేనివాళ్లకు ఆ విరుపు అందదు, అంతా ఒకటే హోరులా ఉంటుంది. మామూలు జాజ్ కచేరీలో కొత్తవాళ్ల ఇబ్బంది ఇదే. హాలిడే కచేరీలో ఆ ఇబ్బంది చాలావరకు ఉండదు, ఎందుకంటే పాటల్లో సగం మీకు ముందే తెలుసు. ‘జింగిల్ బెల్స్’ ఎల్‌కేజీ నుంచి పాడుతున్నదే. ‘సైలెంట్ నైట్’ 1818లో ఆస్ట్రియాలో పుట్టింది, మన తెలుగు చర్చిల్లో ‘శుద్ధరాత్రి’గా పాడేది దాన్నే. అమ్మగారు పక్కింటివాళ్ల క్రిస్మస్ ప్రార్థనలో ఎప్పుడో వినే ఉంటారు. ఇది భక్తి కార్యక్రమం కాదని కూడా ముందే చెప్పండి, కొందరు పెద్దవాళ్లకు ఆ సందేహం ఉంటుంది.

ఆ గంటలో నేనైతే వీటిని వినిపిస్తాను. 1934 నాటి ‘శాంటా క్లాజ్ ఈజ్ కమింగ్ టు టౌన్’, బింగ్ క్రాస్బీ 1942లో రికార్డు చేసిన ‘వైట్ క్రిస్మస్’, నాట్ కింగ్ కోల్ గొంతులో ‘ది క్రిస్మస్ సాంగ్’. చివరిగా, కాస్త ఓపిక చేసుకుని, రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ బ్యాలే ‘నట్‌క్రాకర్’లో షుగర్ ప్లమ్ ఫెయిరీ నాట్యం ముక్క విని, వెంటనే జాజ్ స్వరకర్తలు డ్యూక్ ఎలింగ్టన్, బిల్లీ స్ట్రేహార్న్ కలిసి 1960లో దాన్ని జాజ్‌లోకి తెచ్చిన ‘షుగర్ రమ్ చెర్రీ’ వినండి. చైకోవ్‌స్కీలో చిన్న గంటల్లాంటి చెలెస్టా మోగించిన బాణీనే ఇక్కడ టెనర్ సాక్సోఫోన్ నిదానంగా, బరువుగా నడిపిస్తుంది. ఈ రెండూ పక్కపక్కన వింటే జాజ్ ఏం చేస్తుందో పాపకు కూడా ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. కచేరీలో ఇవే పాటలు ఉంటాయని హామీ లేదు. జాబితా ఏటా మారుతుంది, ఏ పాటో వేదిక మీంచి చెప్పడమే ఎక్కువ.

ఇక చోటు సంగతి. పేరులో లింకన్ సెంటర్ ఉంది కదా అని 66వ స్ట్రీట్ దగ్గరున్న లింకన్ సెంటర్ ఆవరణకు వెళ్లిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. ఒపేరా, బ్యాలే జరిగేది అక్కడ. జాజ్ హాలు కొలంబస్ సర్కిల్‌లో, బ్రాడ్‌వే 60వ స్ట్రీట్ దగ్గర, ఇప్పుడు డాయిష్ బ్యాంక్ సెంటర్ అంటున్న పాత టైమ్ వార్నర్ సెంటర్ ఐదో అంతస్తులో ఉంది. 2004లో తెరిచారు. ఆ అంతస్తులోనే మూడు వేదికలున్నాయి: రోజ్ థియేటర్, ఆపెల్ రూమ్, డిజ్జీస్ క్లబ్. ‘బిగ్ బ్యాండ్ హాలిడేస్’ జరిగేది వెయ్యికి పైగా సీట్లున్న రోజ్ థియేటర్‌లో. డిజ్జీస్ అంటే బల్లల దగ్గర తింటూ తాగుతూ వినే క్లబ్. అక్కడ టికెట్ కాక తిండికి, పానీయాలకు కనీస ఖర్చు విడిగా ఉంటుంది. కొనేటప్పుడు వేదిక పేరు చూసుకోండి.

టికెట్ వాళ్ల సొంత సైట్ జాజ్ డాట్ ఆర్గ్‌లో గానీ, భవనం కింది అంతస్తులో ఉన్న బాక్సాఫీసులో గానీ కొనండి. గూగుల్‌లో వెతికితే మొదట కనపడేవి చాలాసార్లు మారుబేరం సైట్లు. అవి హాలు సీట్ల పటమే చూపించి ఎక్కువ ధరకు అమ్ముతాయి, ఫీజు చివరి పేజీలో తేలుతుంది. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం ఆట దొరికితే మీ కుటుంబానికి అదే మేలు. పాపకు నిద్ర ముంచుకురాదు, చలిలో అర్ధరాత్రి స్టేషన్‌లో నిలబడే పని ఉండదు. పిల్లల వయసు గురించి హాలు నిబంధన ఆ కార్యక్రమం పేజీలోనే చదవండి. పాపకూ సొంత టికెట్ తీసుకోండి.

ఏ సీటు అన్నదానికి బ్యాండ్ ఎలా కూర్చుంటుందో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే. పదిహేను మంది. ముందు వరుసలో ఐదుగురు సాక్సోఫోన్ వాళ్లు (వీళ్లే మధ్యలో క్లారినెట్, ఫ్లూట్ అందుకుంటారు), వెనక ముగ్గురు ట్రాంబోన్ వాళ్లు, ఆ వెనక నలుగురు ట్రంపెట్ వాళ్లు. పియానో, బాస్, డ్రమ్స్ ఒక పక్కన. ట్రంపెట్, ట్రాంబోన్ గొట్టం నోరు ఎటు తిరిగితే శబ్దం అటే సూటిగా పోతుంది. అందుకే మరీ ముందు వరుసల్లో సాక్సోఫోన్‌లు మీద పడుతున్నట్టు ఉండి, వెనకవాళ్ల శబ్దం మీ తలల పైనుంచి వెళ్లిపోతుంది. వేదిక వెనక, పక్కల ఉండే సీట్లలో డ్రమ్మర్ చేతులు బ్రహ్మాండంగా కనపడతాయి కానీ ఇత్తడి వాద్యాలు మీకు వీపు చూపిస్తాయి, గాయకుల ముఖం కనపడదు. మొదటిసారి వెళ్లేవాళ్లకు మధ్యకు ఎదురుగా ఉన్న పై అంతస్తు మొదటి వరుసలు మంచివని నా అభిప్రాయం. పదిహేను వాద్యాలూ ఒక్క శబ్దంగా కలిసి చేరతాయి, ధర కూడా కింది మధ్య సీట్లంత ఉండదు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే మాత్రం పై సీట్లు ఆన్‌లైన్‌లో కొనొద్దు. బాక్సాఫీసుకు ఫోన్ చేసి, మెట్లు ఎక్కాల్సిన పనిలేని సీట్లు కావాలని అడగండి. సీట్ల పటంలో మెట్లు కనపడవు.

కింద సబ్‌వే గడగడలాడుతున్నా లోపల వినపడదు, గమనించండి. హాలును భవనంలో పెట్టెలో పెట్టెలా విడిగా నిలిపారు, కంపనం ఎక్కి రాకుండా. దానివల్ల మెల్లని శబ్దాలు చివరి వరుస దాకా వస్తాయి. మీ చాక్లెట్ కాగితం చప్పుడు కూడా అంతే దూరం పోతుంది.

చప్పట్ల విషయానికొస్తే, ఇక్కడ పాట పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. ఒకరు లేచి సోలో వాయించి కూర్చోగానే, బ్యాండ్ వాయిస్తూ ఉండగానే చప్పట్లు కొడతారు. ‘శాంటా క్లాజ్’ లాంటి పాట 32 బార్ల చుట్టు, బార్‌కు నాలుగు లెక్కలు. ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కలు: మొదటిది, రెండోది, నాలుగోది ఒకే బాణీ, మూడోది మాత్రం వేరు. మధ్యస్థ వేగంలో ఒక చుట్టు సుమారు నిమిషంలో అయిపోతుంది. సోలో వాయించేవాళ్లు బాణీని వదిలేసినా ఈ చుట్టును వదలరు, దాని మీదే కొత్త బాణీ అల్లుతారు. మనసులో అసలు పాట పాడుకుంటూ వినండి, ఎక్కడున్నారో తెలుస్తుంది. మూడో ముక్క వచ్చినప్పుడు చెయ్యి ఎత్తమని ఇంట్లో వినేటప్పుడు పాపతో ఆడించండి, చాలా తొందరగా పట్టుకుంటారు పిల్లలు. పాట చివర్లో ఒక్కోసారి సాక్సోఫోన్ నాలుగు బార్లు, డ్రమ్స్ నాలుగు బార్లు మార్చి మార్చి వాయిస్తారు. తని ఆవర్తనంలో మృదంగం, ఘటం ఒకదానికొకటి బదులిచ్చుకోవడం విన్న పెద్దవాళ్లు ఇక్కడ నిటారుగా కూర్చుంటారు. కచేరీలో వాళ్లకు అన్నిటికంటే సులభంగా అందేది ఇదే.

తాళం వెయ్యాలనిపిస్తే ఒక జాగ్రత్త. మనం సమం మీద దెబ్బ వేసే అలవాటున్నవాళ్లం కాబట్టి చెయ్యి ఒకటి, మూడు మీద పడిపోతుంది. స్వింగ్ అనే ఈ జాజ్ నడకలో చప్పట్లు పడాల్సింది రెండు, నాలుగు మీద. ఒకటి మీద కొడితే పాట అడుగు బరువెక్కి ఈడ్చినట్టు అవుతుంది, పక్కవాళ్లూ తికమకపడతారు. ఎలా పట్టుకోవాలంటే డ్రమ్మర్ ఎడమ పాదం చూడండి. దాని కింద రెండు తాళపు చిప్పలు ఒక కడ్డీ మీద ఒకదానిపై ఒకటి ఉంటాయి. పాదం నొక్కితే మూసుకుని ‘చిక్’ అంటాయి. ఆ చిక్ సరిగ్గా రెండు, నాలుగు మీదే. దానితో కలపండి. డ్రమ్మర్ కర్రలు పక్కన పెట్టి తీగల బ్రష్‌లతో తోలు మీద గుండ్రంగా రుద్దుతున్నాడంటే అది చాలాసార్లు నెమ్మది పాట, అలాంటి చోట చప్పట్లు అసలు వద్దు.

పాపకు చూపించాల్సింది ఇంకొకటి: ట్రాంబోన్ వాళ్ల ఎడమ చేయి. సింకు పూడుకుపోతే గుంజడానికి వాడే రబ్బరు కప్పు ఉంటుందే, దాని కర్ర తీసేసి, గొట్టం నోటికి అడ్డం పెట్టి మూస్తూ తెరుస్తూ వాయిస్తారు. ‘వా-వా’ అని మనిషి మాట్లాడుతున్నట్టు, ఒక్కోసారి గుర్రుమన్నట్టు వస్తుంది. 1920ల్లో ఎలింగ్టన్ బృందంలో ట్రంపెట్ మీద బబ్బర్ మైలీ, ట్రాంబోన్ మీద ట్రిక్కీ శామ్ నాంటన్ దీన్ని ఒక కళ చేశారు. పిల్లలు పకపకా నవ్వే చోటు ఇది, నవ్వనివ్వండి. పేరున్న ట్రంపెట్ కళాకారుడు వింటన్ మార్సాలిస్ వాయిస్తున్న రోజైతే ఆయన్ని ముందు వెతక్కండి. వెనక ట్రంపెట్ వరుసలోనే కూర్చుంటారు, మైకులో మాట్లాడేదీ అక్కడి నుంచే.

ఇత్తడి వాద్యాలన్నీ ఒకేసారి లేచినప్పుడు శబ్దం ఎక్కువ. పాపకు చెవులు మూసే హెడ్‌ఫోన్ ఒకటి సంచిలో పెట్టుకోండి. నాన్నగారికి వినికిడి తక్కువైతే వినికిడి సాయం పరికరం ఉందేమో లాబీలో అడగండి.

బట్టలకు నియమం లేదు. పట్టుచీర కట్టుకున్నా బావుంటుంది, జీన్స్ వేసుకున్నా ఎవరూ చూడరు. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు చలి భయంతో లోపల థర్మల్స్ రెండు పొరలు తొడిగిస్తాం. హాల్లో వెచ్చగా ఉంటుంది, గంటలో ఉక్కపోసి తలనొప్పి వస్తుంది, విప్పడానికి వీలుండదు. లోపల మామూలు బట్టలు, పైన గుండీలు విప్పే స్వెట్టర్, ఆపైన బరువు కోటు, అంతే. కాళ్లకు జారని బూట్లు. చీర కిందకైనా సరే చెప్పులు వద్దు.

గంట ముందే చేరండి. ఆలస్యమైతే పాట మధ్యలో లోపలికి పంపరు, పాటకీ పాటకీ సందులో పంపుతారు. ఆ గంట వృథా ఏమీ కాదు. అదే భవనం బేస్‌మెంట్‌లో హోల్ ఫుడ్స్ ఉంది, శాకాహారం తూకం మీద కొనుక్కుని తినొచ్చు. మాల్ నడిమధ్యన డిసెంబర్‌లో పెద్ద పెద్ద నక్షత్ర దీపాలు వేలాడదీస్తారు. రోడ్డు దాటితే సెంట్రల్ పార్క్ మూల హాలిడే మార్కెట్ ఉంటుంది, కానీ చలిలో జనం తోపులాట, అమ్మగారికి అక్కర్లేదు. విరామంలో లేడీస్ రెస్ట్‌రూమ్ వరుస పొడుగ్గా ఉంటుంది కాబట్టి మొదలయ్యేముందే వెళ్లొచ్చేయమనండి.

రైలు దారి. ఎడిసన్ నుంచి ఎన్‌జే ట్రాన్సిట్‌లో న్యూయార్క్ పెన్ స్టేషన్, అక్కడి నుంచి అప్‌టౌన్ వైపు 1 నంబరు సబ్‌వే, దిగాల్సింది 59వ స్ట్రీట్ కొలంబస్ సర్కిల్. ఇక్కడే తప్పిపోతారు. 2, 3 నంబర్లు అదే మార్గంలో పోతాయి కానీ ఎక్స్‌ప్రెస్‌లు, 59లో ఆగకుండా 72కు తీసుకెళ్తాయి. పెన్ స్టేషన్‌లో వీటి ప్లాట్‌ఫారాలు కూడా వేరు. మధ్య ప్లాట్‌ఫారం ఎక్స్‌ప్రెస్‌లది, పక్కది లోకల్‌ది. ఎనిమిదో అవెన్యూ వైపు ఎక్కితే ‘ఏ’ లేదా ‘సీ’ ఎక్కండి. ‘ఈ’ రైలు కొలంబస్ సర్కిల్‌కు రాదు, క్వీన్స్ వైపు తిరిగిపోతుంది. గేటు దగ్గర ఒకే క్రెడిట్ కార్డును వరుసగా తాకిస్తూ ఒక్కొక్కరినీ పంపొచ్చు. 44 అంగుళాల ఎత్తు లోపు పిల్లలకే ఉచితం, మీ పాపకు బహుశా డబ్బు కట్టాల్సిందే.

తిరుగు రైలు టికెట్లు పొద్దున్నే యాప్‌లో కొనేసుకోండి. కార్యక్రమం విరామంతో కలిపి సుమారు రెండు గంటలు. అయిపోగానే అందరూ ఒకేసారి లిఫ్టుల దగ్గర పోగవుతారు, కోట్లు అప్పజెప్పి ఉంటే అక్కడ ఇంకో వరుస. మధ్యాహ్నం ఆటైనా, రాత్రిదైనా ముగిసే సమయానికీ పెన్ స్టేషన్ రైలుకూ మధ్య గంట ఉండేలా చూసుకోండి. ఆ తర్వాతి రైలు ఎన్నింటికో కూడా రాసిపెట్టుకోండి. వారాంతం రాత్రుల్లో రైలుకీ రైలుకీ మధ్య ఎడం ఎక్కువ, పెన్ స్టేషన్‌లో పెద్దవాళ్లు కూర్చోవడానికి చోటు తక్కువ.