కొత్త కోళ్లను రాత్రిపూట గూట్లో పెట్టేస్తే పాతవాటితో కలిసిపోతాయా?

మీ దగ్గర ఐదు పెట్టలున్నాయి, ఇంకో రెండు తెచ్చారు. చీకటి పడ్డాక గూట్లో పెట్టేస్తే తెల్లారేసరికి కలిసిపోతాయని ఎవరో చెప్పారు, నిజమేనా అని అడిగారు. నిజం కాదు. అయినా కోళ్లు పెంచేవాళ్లలో చాలామంది రాత్రిపూట పెట్టేయమనే చెప్తారు. కోడికి చీకట్లో సరిగ్గా కనపడదు కాబట్టి రాత్రి గొడవ జరగదు, అంతవరకే. తెల్లారగానే పక్కన ఉన్నది కొత్తదని పాతవాటికి తెలిసిపోతుంది. మీరు నిద్ర లేచేలోపే, తలుపు మూసిన గూట్లో, పారిపోవడానికి సందు లేని చోట పొడుచుకోవడం మొదలవుతుంది. అదే పగలు పెరట్లో అయితే కనీసం పరుగెత్తడానికి చోటుంటుంది.

ఇంకొందరు "కోడి బుర్రకి అంత గుర్తుంటుందా" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కోడి ఎదుటి కోడిని తల చూసి, ముఖ్యంగా తల మీది జుట్టు చూసి గుర్తుపడుతుంది. థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె అనే నార్వే ఆయన చిన్నప్పటి నుంచీ కోళ్లను కనిపెట్టి చూస్తూ, ఏది దేన్ని పొడుస్తోందో రాసుకుంటూ వచ్చి, మందలో పై నుంచి కింది దాకా ఒక వరస ఉంటుందని 1920ల మొదట్లోనే చెప్పాడు. కొత్త కోడి వచ్చిందంటే ఆ వరస కదిలిపోతుంది. ఎవరి చోటు ఎక్కడో మళ్లీ తేలేదాకా పొడుచుకుంటాయి. అది ఆపలేం, ఆపకూడదు కూడా. ఆ తేల్చుకునే లోపు దేనికీ గాయం కాకుండా, ఏదీ ఆకలితో నీరసించిపోకుండా చూడటమే మన పని.

ఆకలి అని ఎందుకంటున్నానంటే, అందరూ రక్తం కోసం చూస్తారు. కొత్తవాటిని దెబ్బతీసేది ఎక్కువసార్లు పోటు కాదు, దాణా దగ్గరికి, నీళ్ల దగ్గరికి రానివ్వకపోవడం. మా పెరట్లో రెండు పడుచు పెట్టల్ని కలిపినప్పుడు కళ్లారా చూశాను. మధ్యలో ఇనుప జాలీ కట్టి, అవి ఒకదానికొకటి అలవాటు పడ్డాకే తలుపు తీశాను. మందలో పెద్దది ఒక బూడిదరంగు పెట్ట. అది మెడ ఈకలు నిక్కబొడుచుకుని వచ్చి, కొత్తదాని తల మీద ఒక్క పోటు పొడిచింది. కొత్తది నేలకి అణిగింది. అంతే, పెద్దది తిరిగి వెళ్లి మట్టిలో పొర్లడం మొదలుపెట్టింది. ఇక అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు.

కథ నడిపింది వేరే కోడి. పాతవాటిలో అన్నిటికన్నా కిందిది, ఒక మచ్చల పెట్ట. అప్పటిదాకా దాణా దగ్గర అన్నీ దాన్నే తోసేవి, అన్నీ తిన్నాక మిగిలింది ఏరుకునేది. అది ఆ రోజంతా కొత్తవాటి వెంటపడింది. గట్టిగా పొడిచింది కూడా లేదు. తొట్టి పక్కన నిలబడేది, కొత్తది రెండడుగులు ముందుకేస్తే తల వంచి ఉరికేది. కొత్తది వెనక్కి. మళ్లీ తొట్టి పక్కన కాపలా. దూరం నుంచి చూసేవాళ్లకి మంద ప్రశాంతంగా ఉన్నట్టే ఉంటుంది. ఒక్క ఈక కూడా రాలలేదు.

సాయంత్రం కోళ్లు గూటికి చేరాక ఒక్కోదాన్నీ పట్టుకుని మెడ కింద, రొమ్ముకి కొంచెం కుడివైపు తడిమి చూడటం నాకు అలవాటు. మింగిన మేత ముందు నిలిచే సంచి అక్కడే ఉంటుంది. కడుపు నిండా తిన్న కోడికి సాయంత్రం అది ఉబ్బి, వేలికి గింజలు తగులుతుంటాయి. తెల్లారేసరికి ఖాళీ అవుతుంది. ఆ సాయంత్రం పాతవన్నిటికీ నిండుగా ఉంది. కొత్తవి రెండింటికీ వేళ్ల కింద వట్టి చర్మం జారింది, ఏమీ తగల్లేదు. పగలంతా దాణా ముందే ఉండి పస్తున్నాయన్నమాట. వాటిని విడిగా కూర్చోబెట్టి నీళ్లు పెట్టాను. ఎంతసేపు తాగాయో, ముక్కు ముంచడం, తల ఎత్తడం, మళ్లీ ముంచడం. చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది.

మర్నాడు రెండు పనులు చేశాను. రెండో తొట్టి, రెండో నీళ్ల గిన్నె మొదటివాటికి కనపడని మూల పెట్టాను. పక్కపక్కనే పెడితే లాభం లేదు, ఒక్క కోడే రెండింటికీ కాపలా కాస్తుంది. మధ్యలో ఒక చెక్క పలకని గోడకి ఏటవాలుగా చేరవేశాను, వెనక దూరడానికి, అటునుంచి బయటికి రావడానికి వీలుగా. ఒకవైపే దారి ఉన్న సందు మాత్రం పెట్టకండి, అక్కడ ఇరుక్కున్న కోడి పని అంతే. ఇక మచ్చల పెట్టని తీసి, మందకి కనపడని చోట బోనులో కొన్నాళ్లు ఉంచాను. మేతా నీళ్లూ దానికి బాగానే అందాయి. తిరిగి వదిలేసరికి మంద తనది కాకుండా పోయింది. పెద్దది ఒక పోటు వేసింది, కొత్తవాటిలో ఒకటి కూడా ధైర్యం చేసి ఎదురు నిలబడింది. మచ్చలది నెమ్మదించింది. అందుకే నేను అందరికీ చెప్పేది, మంద పెద్దని చూసి భయపడొద్దు, అట్టడుగున ఉన్నదాని మీద కన్నేసి ఉంచండి. తన కింద ఇంకొకరు రావడం దానికి అదే మొదటిసారి, ఆ చోటు వదులుకోదు.

జాలీ సంగతి. ఒకటి రెండు వారాలు ఒకదానికొకటి కనపడేలా, తగలకుండా ఉంచండి. దాణా రెండువైపులా జాలీకి ఆనించే పెట్టండి. పాతవి జాలీ మీదికి ఉరకడం మానేసి పట్టించుకోకుండా తింటున్నాయంటే తలుపు తీయొచ్చు. క్యాలెండర్ చూసి తీయకండి, కోళ్లను చూసి తీయండి. మెడ నిక్కించడం, రొమ్ముతో ఢీకొట్టడం, ఒకట్రెండు పోట్లు, ఇవి మామూలే. రక్తం కనపడితే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, దెబ్బ తగిలినదాన్ని తీసేయండి. ఎరుపు చూస్తే అన్నీ అక్కడే పొడుస్తాయి, చచ్చేదాకా ఆపవు. గాయం పూర్తిగా మానాకే మళ్లీ కలపాలి. మీరు తెచ్చింది రెండు కాబట్టి ఒక మంచి పని చేశారు. ఒక్కటే తెచ్చి ఐదింటి మధ్య పడేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది, పోట్లన్నీ ఆ ఒక్కదానికే.

జాలీకన్నా ముందు చేయాల్సింది ఇంకొకటుంది. మీరు తేగానే కలిపేద్దామనుకుంటున్నారు, దయచేసి వద్దు. 30 రోజులు పూర్తిగా వేరే చోట ఉంచండి, పాతవాటి గాలి కూడా సోకనంత దూరంలో. ముందు పాతవాటికి మేత వేసి, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి, చెప్పులు వేరుగా ఉంచుకోండి. చూడటానికి నిగనిగలాడే కోడి కూడా మైకోప్లాస్మా అనే, ఊపిరి జబ్బు తెచ్చే సూక్ష్మజీవిని మోస్తూ ఉండొచ్చు, పైకి ఏమీ కనపడదు. తుమ్ములు, కంటి కింద వాపు, రక్తం కలిసిన రెట్ట, కొక్కెర తెగులు లక్షణాలు ఏవైనా ఉంటే ఈ రోజుల్లో బయటపడే అవకాశం ఎక్కువ. రెక్కల కింద, మలద్వారం చుట్టూ ఈకలు విడదీసి చూడండి, ఈక మొదట్లో తెల్లగా గుత్తులు అంటుకుని ఉంటే అవి పేల గుడ్లు. "ఆరోగ్యంగానే ఉందిగా" అని కలిపేసి మంద మొత్తాన్ని పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. రెండు కోళ్ల కోసం ఏడింటినీ పణంగా పెట్టడం ఎందుకు?

వయసు కూడా చెప్పలేదు మీరు. అమ్మేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. "వచ్చే వారమే గుడ్డు పెడుతుంది" అంటూ ఇంకా కీచుకీచుమనే పిల్లల్ని అంటగడతారు, ఇది నేను చూస్తూనే ఉన్నాను. జుట్టు చిన్నగా, పాలిపోయి ఉంటే గుడ్డుకి ఇంకా టైముంది. వీపు మీద చెయ్యి వేస్తే రెక్కలు కొంచెం దించి అణిగి కూర్చుందంటే దగ్గరపడింది. వయసు ఎందుకంటే, గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, ఎదిగే పిల్లలకి 1 శాతం చాలు. ఎక్కువైతే మూత్రపిండాలు పాడవుతాయి. ఒకే దొడ్లో రెండు రకాల దాణా పెట్టి ఏది ఏది తింటోందో చూడటం అయ్యే పని కాదు. అందరికీ ఎదిగే పిల్లల దాణాయే వేసి, నత్తగుల్లల పొడి విడిగా గిన్నెలో పెట్టండి, గుడ్లు పెట్టేవి కావాల్సినంత అవే తింటాయి. మరీ చిన్నవైతే, ఒళ్లు పాతవాటికి దీటుగా వచ్చేదాకా కలపనే కలపొద్దు.

కలిపాక కొన్నాళ్లు గుడ్లు తగ్గుతాయి, టెన్షన్ పడకండి, మళ్లీ వస్తాయి. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. జబ్బు చేసిందని పాత కోడినే కొన్ని రోజులు దూరంగా ఉంచి తిరిగి వదిలినా, మంద దాన్ని కొత్తదానిలాగే చూస్తుంది. అంటురోగం కాకుండా కాలు బెణకడం లాంటిదైతే బోనుని పెరట్లోనే, మిగతావాటి కళ్ల ముందే పెట్టి వైద్యం చేయండి.