పీ53 'నల్' అని వస్తే మంచి వార్తేనా?

మీ అమ్మగారి బయాప్సీ రిపోర్టులో హైగ్రేడ్ సీరస్ అండాశయ క్యాన్సర్ అనీ, పీ53 అనే ప్రొటీన్ 'నల్' అనీ, కేఐ-67 అనే మరో గుర్తు డెబ్బై శాతమనీ ఉందన్నారు. నల్ అంటే లేదని కాబట్టి మంచిదేననీ, డెబ్బై మాత్రం భయపడాల్సిన అంకె అనీ మీ తమ్ముడు చెబుతున్నాడు. రెండింటినీ అలా చదవకూడదు.

నేను చిత్తూరులో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. మా అక్కకు ఇదే జబ్బు వచ్చి తిరుపతిలో వైద్యం చేయించాం. తరగతిలో బోర్డు మీద రాసే పేర్లన్నీ ఆమె ఫైల్లో కనిపించాయి.

కణం విభజన చెందడానికి సైక్లిన్లనే ప్రొటీన్లు సీడీకే ఎంజైములతో జతకట్టి దాన్ని ముందుకు తోస్తాయి. (టిమ్ హంట్ 1982లో వీటిని సముద్రపు అర్చిన్ గుడ్లలో గుర్తించారు. 2001 నోబెల్‌లో వాటా దక్కింది ఇందుకే.) పీ53 పని ఆపడం. అలిపిరి తనిఖీ కేంద్రం లాంటిది: డీఎన్ఏ దెబ్బతిన్న కణాన్ని కొండెక్కనివ్వదు. బాగుపడేదాకా నిలిపేస్తుంది, బాగుపడకపోతే చంపేస్తుంది. అమెరికాలో క్యాన్సర్ల జన్యువులను పరిశీలించిన టీసీజీఏ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో, మీ అమ్మగారికి వచ్చిన రకం కణితుల్లో 96 శాతం వాటిలో పీ53ను తయారుచేసే జన్యువు చెడిపోయి ఉంది.

ల్యాబులో పీ53 ఉన్నచోట అంటే రంగు వేసి చూస్తారు. పీ53 సరిగ్గా ఉంటే స్లైడు మీద కొన్ని కణ కేంద్రకాలు ముదురుగా, కొన్ని లేతగా, కొన్ని ఏ రంగూ లేకుండా కనిపిస్తాయి. చెడిపోతే దాదాపు అన్నీ ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి, లేదా కణితిలో ఒక్క కేంద్రకానికీ రంగు అంటదు. ఈ రెండోదే నల్. అంటే తనిఖీకి మనిషే లేడన్నమాట.

కేఐ-67 విభజన దారిలో ఉన్న కణాల వాటా చెబుతుంది, అంతే. ఈ రకంలో అది ఎక్కువగానే ఉంటుంది. ఆ అంకెను బట్టి మందు మార్చరు.

మందు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు క్రోమోజోములను పంచే సన్నని పోగులను బిగదీసేస్తుంది. కణం విభజన మధ్యలో ఇరుక్కుని చస్తుంది. చిక్కేమిటంటే నరాల్లోనూ ఆ పోగులే ఉన్నాయి. మా అక్కకు వేళ్ల కొనలు మొద్దుబారి జాకెట్టు హుక్కు చేతికి తగిలిందో లేదో తెలిసేది కాదు. సంచిలో చెయ్యి పెట్టి తాళంచెవి ఏదో, చిల్లర ఏదో పోల్చుకోలేకపోయేది. అడిగితే "ఏముందిలే" అనేది. మీ అమ్మగారు కూడా అలాగే అంటారు, నమ్మకండి. డాక్టరుకు చెబితే మోతాదు తగ్గించడమో మందు మార్చడమో చేస్తారు.

మీకూ మీ చెల్లెలికీ వస్తుందా అని అడిగారు. కణితిలో పీ53 చెడడం సాధారణంగా ఆ కణాల్లోనే జరుగుతుంది, వంశంలో రాదు. వంశం సంగతి తేల్చేది బీఆర్‌సీఏ అనే జన్యువులను చూసే రక్తపరీక్ష. అందులో లోపం తేలితే పిల్లల్లో ఒక్కొక్కరికీ అది సంక్రమించే అవకాశం సగం. మీ తమ్ముడూ లెక్కలోకి వస్తాడు. అమ్మగారికి ఒలాపరిబ్ వంటి మాత్రలు పనికొస్తాయా అన్నదీ చాలావరకు దాన్నిబట్టే తెలుస్తుంది. ఇలాంటి కణితుల్లో దాదాపు ఐదో వంతు వాటిలో, ఇందాక చెప్పిన సైక్లిన్లలో ఒకటైన సైక్లిన్ ఈ1 జన్యువు ప్రతులు పెరిగి ఉంటాయి. వాటిలో బీఆర్‌సీఏ లోపం అరుదు. సైక్లిన్ ఈ1 పెరిగిన కణితులను గురిపెట్టే మందులు ఇంకా ప్రయోగాల దశలోనే ఉన్నాయి.

రెండో అభిప్రాయానికి వేలూరు వెళ్లే ఆలోచన ఉంటే రిపోర్టు కాగితాలు మాత్రమే పట్టుకెళ్లకండి. ల్యాబులో అడిగి పారఫిన్ బ్లాకులు (బయాప్సీ ముక్కను మైనంలో పొదిగినవి), స్లైడ్లు కూడా తీసుకెళ్లండి. బ్లాకులను ఎండలో, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం కరుగుతుంది.