ఫొటోలు 'కడిగించడం' అని ఎందుకనేవాళ్లు?

ఊరికే పుట్టిన మాట కాదు, నిజంగానే కడిగేవాళ్లం. ఫిల్మ్ మీద వెండి లవణాల పూత ఉంటుంది. వెలుతురు తగిలిన చోట డెవలపర్ అనే రసాయనం ఆ లవణాన్ని నల్లటి వెండిగా మారుస్తుంది. తగలని చోట మిగిలినదాన్ని హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, కరిగించి తీసేస్తుంది. ఆ తర్వాత హైపో పూర్తిగా పోయేదాకా పారే నీళ్లలో కడగాలి. ప్రింట్లదీ ఇదే వరస. ఇక్కడ బద్ధకిస్తే కొన్నేళ్లకు ఫొటో పసుపెక్కి మచ్చలు పడుతుంది. మీ ఇంటి పాత ఆల్బమ్ తీసి చూడండి, ఒకటైనా దొరుకుతుంది.

కలర్ వచ్చాక ఈ పనంతా ల్యాబ్ మెషిన్లకు పోయింది, మాట మాత్రం మిగిలింది.

అన్నట్టు, సినిమాల్లో చూపించే ఎర్ర లైటు బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు వేసేటప్పుడే. ఆ కాగితానికి ఎరుపు దాదాపు కనబడదు. మేం వాడిన ఫిల్మ్‌కి అన్ని రంగులూ తెలుస్తాయి. అందుకని దాన్ని కటిక చీకట్లో, వేళ్లతో తడుముకుంటూ రీలుకు చుట్టి, ట్యాంకులో (ఫిల్మ్ కడిగే, వెలుతురు చొరని డబ్బాలో) పెట్టి మూత బిగించాకే లైటు వేయాలి. నేను నేర్చుకునేటప్పుడు మా గురువుగారు పాడైన రోల్ ఒకటి చేతికిచ్చి, కళ్లు మూసుకుని చుట్టమనేవారు. రోల్‌కి 36 బొమ్మలు. తలంబ్రాల ఫొటో చెడిందని మళ్లీ పోయించలేం కదా!