సిలికాన్ చిప్ మీద బుల్లి లేజర్‌ను యంత్రం ఎలా అమరుస్తుంది?

వెంట్రుక కన్నా పలుచని లేజర్‌ను చిప్ మీద ఎలా పెడతారని అడిగారు. ముందు అవసరం చెప్పాలి: కాంతితో పనిచేసే చిప్‌లకు సిలికాన్ ఒక్కటే చాలదు, ఎందుకంటే అది కాంతిని సరిగా పుట్టించజాలదు. అందుకే కాంతిని బాగా పుట్టించే ఇండియం ఫాస్ఫైడ్ అనే పదార్థంతో లేజర్‌ను విడిగా తయారుచేసి, తెచ్చి దానిపై అతికిస్తారు.

ఇంత సున్నితమైన ముక్కను పట్టకారుతో పట్టలేం. మెత్తని సిలికోన్ రబ్బరు ముద్రతో ఎత్తుతారు. నన్ను అబ్బురపరిచేది ఇక్కడి కిటుకే. ఆ రబ్బరు పట్టు వేగాన్ని బట్టి మారుతుంది. ముద్రను చప్పున లాగితే లేజర్ దానికి అంటుకుని పైకి వస్తుంది. చిప్ మీద ఆనించి మెల్లగా లాగితే అక్కడే ఉండిపోతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ రోజర్స్ బృందం 2006లో దీన్ని వివరించింది.

చిప్ మీది గుర్తులను కెమెరాతో చూస్తూ యంత్రం స్థానం సరిచూసుకుంటుంది. ఒక మైక్రోమీటరు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, పక్కకు జరిగినా లేజర్ కాంతి చిప్‌లోకి చేరక వృథా కావచ్చు.